కొండ దాటిన రన్‌వే

ఆ ఊరి విమానాశ్రయానికి రోజుకి ఒకటే విమానం. పొద్దున్న పదింటికి రాజధాని నుంచి వస్తుంది, పదకొండు కాకముందే మళ్లీ రాజధానికి వెళ్లిపోతుంది. మిగిలిన రోజంతా అక్కడ పనిచేసేవాళ్లు దాని గురించి మాట్లాడుకుంటారు. ఇవాళ ఎవరు దిగారు, ఎవరు ఏడుస్తూ ఎక్కారు, ఎవరి పెట్టె పిడి ఊడింది, ఇవే కబుర్లు.

అనౌన్సరు ఎనిమిదింటికల్లా వచ్చి తన గాజు గది తాళం తీసేది. గదిలో ఒక మైకు, ఒక కుర్చీ, కిటికీ అవతల రన్‌వే. గోరువెచ్చని నీళ్లు రెండు గుక్కలు తాగి, గొంతు సవరించుకుని, మైకు మీద వేలితో టకటక కొట్టి చూసేది. ఆమెకి యాభై దాటాయి. గొంతు మాత్రం పాతికేళ్ల దగ్గరే ఆగిపోయింది. విమానం దిగినవాళ్లు ఎవరో చిన్నపిల్ల అనుకుని గాజు గదిలోకి తొంగిచూసి, నెరిసిన జుట్టు చూసి సర్దుకునేవాళ్లు.

రన్‌వే పని చూసే అతన్ని అందరూ కోత బాబాయి అంటారు. ప్రతి సోమవారం విమానం వెళ్లిపోయాక అతను రంపపు బండి తోలుకుంటూ తూర్పు కొసకి వెళ్లి, ఆ వారంలో పెరిగిన రన్‌వేని కోసేసి వచ్చేవాడు. ఎండాకాలంలో జానెడు పెరుగుతుంది. వానలు పడితే బారెడు. ప్రహరీ గోడని తాకకముందే కోసెయ్యాలి, లేకపోతే గోడ బీటలిస్తుంది. పడమటి కొస ఎందుకో మొదటినుంచీ పెరగదు. కోసిన ముక్కల్ని ఊళ్లోవాళ్లు బండ్ల మీద వేసుకెళ్లి వాకిళ్లలో పరుచుకునేవాళ్లు. లేత తారు మెత్తగా ఉంటుంది, చెప్పుల్లేకుండా నడిచినా కాలు కాలదు. మోకాళ్ల నొప్పులున్న ముసలివాళ్లయితే ముందే చెప్పి పెట్టుకునేవాళ్లు.

విమానం వెళ్లాక అనౌన్సరు చేసే మొదటి పని అక్కకి ఫోను చేయడం. అక్క తూర్పున కొండల అవతల, రేవు పట్నంలో ఉంటుంది. గీత గీసినట్టు నేరుగా పోతే దూరం ఎక్కువేమీ కాదు. కానీ నేరుగా పోయే దారి లేదు. బస్సు కొండల చుట్టూ మెలికలు తిరిగి తిరిగి వెళ్లడానికి ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది, రావడానికీ అంతే. అనౌన్సరుకి వారానికి ఒక్క రోజు సెలవు. పై సెలవులన్నీ కిందటేడు బావకి ఆపరేషను అయినప్పుడు వాడేసింది. ఆ ఒక్క రోజు విమానాన్ని ఎవరూ పిలవరు, ఆమెకి బదులు మాట్లాడే మనిషి ఆ విమానాశ్రయంలో లేడు.

అక్క మర్చిపోవడం మొదలుపెట్టింది. ముందు వంటింట్లో డబ్బాల్లో ఏముందో మర్చిపోయింది, తర్వాత వీధి పేరు, ఆ తర్వాత తను భోంచేసిందో లేదో. ఫోను ఎత్తేది బావే. ఆయన రేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి, పక్కన ఉన్నవాళ్లతో కూడా కేకలేసినట్టే మాట్లాడతాడు.

"ఏం మరదలా, ఇవాళ విమానం ఎగిరిందా, తోసి పంపారా?"

"ఎగిరింది గానీ బావా, అక్కేం చేస్తోంది?"

"నన్ను చూసి, ఎవరండీ మీరు, బాగానే ఉన్నారు అంది. ఇన్నేళ్ల కాపురంలో మొదటిసారి మెచ్చుకుంది. ఇదుగో, ఇస్తున్నా."

అక్క ఫోను అందుకుని "ఏమేవ్, తిన్నావా?" అనేది. ఆ ఒక్క మాటతో అనౌన్సరుకి ఆ రోజు గడిచిపోయేది.

వానలు మొదలయ్యే ముందు విమానాల కంపెనీ నుంచి రూట్ల ఆఫీసరు వచ్చింది. ముప్పై కూడా నిండని అమ్మాయి, భుజానికి సంచీ, అస్తమానం ఆవలింత. ఆ విమానాశ్రయం నుంచి కొత్తగా ఒక ఊరికి విమానం వేద్దామని కంపెనీకి ఆలోచన ఉంది. ఎక్కడికి వేస్తే నాలుగు సీట్లు నిండుతాయో చూసి రమ్మని పంపారు. గనుల ఊరు, యూనివర్సిటీ ఊరు, రేవు పట్నం, ఈ మూడింట్లో ఒకటి.

ఆమె వెయిటింగు హాల్లో కూర్చుని కనిపించినవాళ్లనల్లా అడిగింది. "కొత్త విమానం వస్తే మీరు ఎక్కడికి వెళ్తారండీ?"

"మా అత్తగారి ఊరికి తప్ప ఎక్కడికైనా వెళ్తాను" అన్నాడు టోపీ పెట్టుకున్న ఒకాయన.

"మా అమ్మ ఊరికి వేసెయ్యమ్మా" అంది ఆయన భార్య, "ఈయన్ని ఇక్కడే వదిలేసి పోతాను."

"ఎక్కడికైనా వెయ్యండి గానీ తెల్లారగట్ల మాత్రం వద్దు" అన్నాడు ఒక పళ్ల డాక్టరు.

ఆఫీసరు గాజు గదిలోకి కూడా వచ్చింది. "మీరైతే ఎక్కడికి వెళ్తారు మేడమ్?"

"రేవు పట్నం" అంది అనౌన్సరు. ఆ అమ్మాయి కలం ఎత్తకముందే మళ్లీ అంది, "పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తాను. మా అక్క ఉంది. తను నన్ను మర్చిపోకముందు ఒకసారి మొహం చూపించి రావాలి."

ఆఫీసరు ఆవలింత ఆపుకుంది. "రేవు పట్నానికే జనం ఎక్కువ అడుగుతున్నారు. కానీ చిక్కేమిటంటే, మీ రన్‌వే పొట్టి. తూర్పున కొండ ఉంది కదా, దాన్ని దాటాలంటే విమానం తేలిగ్గా ఉండాలి. ఈ పొడుగుతో అయితే సగం సీట్లు ఖాళీగా పెట్టి ఎగరాలి. కంపెనీకి గిట్టుబాటు కాదు."

"రన్‌వే పెరుగుతుంది కదా" అంది అనౌన్సరు.

"పెరుగుతుంది. మీరు కోసేస్తున్నారుగా?"

ఆ మాట మేనేజరు చెవిన పడింది. ఆయన పొట్టి మనిషి, తన విమానాశ్రయం ఒక్క విమానంతోనే మిగిలిపోయిందని దిగులు పడే మనిషి. సాయంత్రానికల్లా కోత బాబాయిని పిలిచి, ఈ వానాకాలం కోత ఆపమన్నాడు. తూర్పు ప్రహరీలో రన్‌వే పట్టేంత మేర గోడ పడగొట్టించాడు.

"లేతది లెక్కలోకి రాదు సార్" అంది ఆఫీసరు వెళ్తూ వెళ్తూ. "బాగా ముదిరి గట్టిపడ్డాకే కొలుస్తాం. వానలు వెళ్లాక మళ్లీ వస్తాను."

కోత బాబాయికి ఇది నచ్చలేదు. రంపపు బండికి గ్రీజు రాసి షెడ్డులో పెట్టి, గాజు గది గుమ్మంలో నిలబడ్డాడు.

"నీ మూలాన నా చేతిలో పని పోయింది అమ్మాయ్."

"సెలవనుకుని కూర్చో బాబాయ్. నాకు లేనిది నీకు దొరికింది."

"కూర్చుంటే నడుం పట్టేస్తుంది. అయినా ఎప్పుడూ కొయ్యకుండా వదిలింది లేదు. ఎంతకి ఆగుతుందో ఏమో."

"కాస్త పెరిగితే చాలు. తర్వాత నువ్వే కోద్దువుగాని."

అక్కడే వాళ్లు పొరబడ్డారు. ఆ రన్‌వే పొడుగెంతో ఎవరూ ఎప్పుడూ కొలవలేదు. గోడే కొలత. గోడ దగ్గరికొస్తే పెరిగినట్టు, కోస్తే సరిపోయినట్టు. ఇప్పుడు గోడ లేదు, కొయ్యకుండా వదిలేస్తే రోజురోజుకీ ఎన్నో రెట్లు వేగంగా పెరుగుతుందని ఎవరికీ తెలియదు. రన్‌వే చివర ఉండే తెల్ల గీతలు కూడా కొసతో పాటే ముందుకి జరుగుతాయి కాబట్టి, టవరు మీద నుంచి చూసేవాళ్లకి గీతలు ఎప్పటిలాగే చివరనే కనిపించేవి. "ఇంకాస్త పెరగాలేమో" అనేవాడు మేనేజరు, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. వాన ముసురులో అంతకంటే ఏమీ తెలిసేది కాదు. పొద్దున్నే రన్‌వే మీద రాళ్లూ కుక్కలూ లేకుండా చూసొచ్చే కోత బాబాయి కూడా, వానలకి లేత తారు మీద జీపు దిగబడుతుందని, పాత కొస దాకా వెళ్లి వెనక్కి తిప్పేసేవాడు.

ఆ వానాకాలంలోనే ఒక రోజు బావ ఫోను ఇచ్చాక, అవతలి నుంచి ఆ 'తిన్నావా' అన్న మాట రాలేదు.

"అక్కా, నేనే" అంది అనౌన్సరు.

"చెప్పండి" అంది అక్క. మర్యాదగా, బ్యాంకువాళ్లతో మాట్లాడినట్టు. "ఎవరు కావాలండీ?"

బావ ఫోను లాక్కున్నాడు. మొదటిసారి ఆయన గొంతు తగ్గింది. "ఫోనులో గొంతు పోల్చుకోలేదు, అంతే. మొహం చూస్తే తెలుస్తుంది. తప్పకుండా తెలుస్తుంది. నువ్వేం పెట్టుకోకు మనసులో."

అనౌన్సరు ఫోను పెట్టేసి, నీళ్లు తాగి, మైకు ఆపి ఉందో లేదో రెండు సార్లు చూసుకుంది. మర్నాడు రాజధాని విమానాన్ని రేవు పట్నం విమానం అని పిలిచింది. ప్రయాణికులు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. టోపీ ఆయన "అబ్బ, అప్పుడే వేసేశారా" అన్నాడు. ఆమె సర్దుకుని మళ్లీ చెప్పింది గానీ, ఆ రోజంతా కిటికీ దగ్గర నిలబడి, తనకి తెలిసిన పేర్లన్నీ లోపల్లోపల ఒక్కొక్కటే అనుకుంటూ గడిపింది. అన్నీ ఉన్నాయి. ఒక పిన్ని కూతురి పేరు మాత్రం సాయంత్రానికి గాని గుర్తు రాలేదు.

వానలు వెనకపట్టాయి. ఆకాశం తెరిపిచ్చిన వారంలోనే బావ తనంత తనే ఫోను చేశాడు.

"మరదలా, మీ రన్‌వే ఇక్కడికి వచ్చింది."

"ఎక్కడికి?"

"మా వీధి చివరికి. కూరగాయల మార్కెట్టు వెనకనుంచి వచ్చి చేపలవాళ్ల షెడ్డు పక్కన ఆగింది. ఇంకా పెరుగుతుందా, ఇంతేనా? మునిసిపాలిటీవాళ్లు అడగమన్నారు. పెరిగేట్టయితే మా ఇంటి వరండా తీసేయించుకోవాలి."

అనౌన్సరు మేనేజరుకి చెప్పింది. మేనేజరు కోత బాబాయిని పిలిచాడు. జీపు ఈసారి పాత కొస దగ్గర ఆగకుండా ముందుకే పోయింది. ఎండకి తారు అప్పటికే గట్టిపడింది. రన్‌వే గోడ దాటి, ఇటుక బట్టీల మధ్యనుంచి పోయి, రెండు కొండల నడుమ సందులోంచి పైకెక్కి, అవతల నెమ్మదిగా దిగింది. అదీ ఒక్క మలుపు లేకుండా. రన్‌వేకి మలుపు తెలియదు కదా. సముద్రపు గాలి తగిలాక పెరగడం దానంతటదే మానేసినట్టుంది. కొసన తెల్ల గీతలు, వాటి మీద ఎవరో ఆరబెట్టిన వల.

రూట్ల ఆఫీసరు మాట ప్రకారం వచ్చింది. ఈసారి ఆవలించలేదు. ఒక రోజంతా కొలిచి, ఇంకో రోజంతా పై ఆఫీసుతో ఫోనులో మాట్లాడి, గాజు గదిలో కూర్చుని చెప్పింది.

"రేవు పట్నం రూటు కుదరదు మేడమ్."

"ఇప్పుడు పొడుగు సరిపోలేదా?"

"ఎక్కువైంది. వచ్చే దారిలో ఆ ఊరి రన్‌వేని కూడా తనలో కలిపేసుకుంది. రూటంటే ఒక రన్‌వే మీద లేచి ఇంకో రన్‌వే మీద దిగాలి. లేచిందీ దిగిందీ ఒకే రన్‌వే అయితే దాన్ని ప్రయాణం అనరు. గాల్లోకి లేచి ఇంటికి వచ్చినట్టే లెక్క. అలాంటిదానికి టిక్కెట్లు అమ్మడానికి లేదు." సంచీ సర్దుకుంటూ, "మూడు చోట్ల అడిగి చూశానండీ" అంది.

కంపెనీ గనుల ఊరికి విమానం వేసింది. ఇంత పొడుగు రన్‌వే ఉంటే మంచిదేనని, కోతకి ఒప్పుకోలేదు.

అనౌన్సరు ఆఫీసరు చెప్పింది విని, సరేనని తలూపి, రాజధాని విమానం పిలిచింది. బాగానే పిలిచింది. తర్వాత గది తాళం వేసి మెట్ల మీద కూర్చుంది. వారంలో తనకున్న ఆ ఒక్క రోజుని ఎటు తిప్పి చూసినా పగలూ రాత్రీ ప్రయాణం అందులో పట్టదు.

కోత బాబాయి జీపు తెచ్చి మెట్ల ముందు ఆపాడు.

"ఎక్కు అమ్మాయ్."

"ఎక్కడికి?"

"తనిఖీకి. విమానం వచ్చే ముందొకసారి, వెళ్లాకొకసారి రన్‌వే ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి రావాలి. అది రూలు. ఇప్పుడు ఆ కొస ఎక్కడుందో నీకు తెలుసుగా."

"నేను డ్యూటీలో ఉన్నాను బాబాయ్. సాయంత్రం దాకా విమానాశ్రయం దాటి వెళ్లకూడదు."

"ఎవరు దాటమన్నారు? రన్‌వే మీదే ఉంటావు."

మేనేజరు కిటికీలోంచి చూసి, తల లోపలికి లాక్కున్నాడు.

కొండల నడుమ గాలి చల్లగా కొట్టింది. దారిలో బాబాయి రెండు సార్లు ఆగి ఒక మేకని, ఒక ప్లాస్టిక్ సంచీని తప్పించాడు. గంటన్నరలో సముద్రం కనిపించింది. అనౌన్సరు ఒళ్లో చేతులు పెట్టుకుని, మొదట ఏమనాలో అనుకుంటూ కూర్చుంది. అక్కా అనాలా, నేనొచ్చానే అనాలా, ఏమీ అనకుండా ఊరికే ఎదురుగా నిలబడాలా?

ఊరికే నిలబడింది. అక్క వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. జుట్టు బావ దువ్వినట్టున్నాడు, పాపిడి వంకరగా ఉంది. అక్క తలెత్తి ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. నుదురు, ముక్కు, గడ్డం, ఒక్కొక్కటే చూసింది.

"రండి, కూర్చోండి" అంది. "ఎవరింటికి వచ్చారు?"

బావ గుమ్మంలో నిలబడి గట్టిగా దగ్గాడు. "నీ చెల్లెలే! చూడు సరిగ్గా!"

అక్క భయపడింది. కుర్చీ చేతులు పట్టుకుని వెనక్కి జరిగింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరో తనని పరీక్షిస్తున్నారని, తను తప్పు చెప్పిందని అనుకున్నట్టుంది. అనౌన్సరు బావ వైపు చూసి వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

"దారిన పోతూ మంచినీళ్ల కోసం ఆగానండీ" అంది.

అక్క మొహం తేటపడింది. "అయ్యో, దానికేం భాగ్యం" అని తనే లేచి లోపలికి వెళ్లి, వంటిల్లు ఎటో తెలియక ఆగిపోయింది. బావ వెళ్లి తెచ్చాడు.

తిరుగు దారి పట్టారు. సగం దూరం వచ్చాక అనౌన్సరే అంది. "ఆలస్యమైంది బాబాయ్."

"అప్పుడే ఏమైంది? చీకటి పడకముందే చేరతాం."

"దాని గురించి కాదు."

"తెలుసులే" అన్నాడతను.

మర్నాడు విమానం వెళ్లగానే ఆమె జీపు ఎక్కింది. ఆ మర్నాడు కూడా. తలుపు దగ్గర ఆమెని చూసినప్పుడల్లా అక్క కొత్తగా ఆహ్వానించేది. కొన్నాళ్లకి మాత్రం "వచ్చారా, రండి" అనడం మొదలుపెట్టింది.

గనుల ఊరి విమానం తిరగడం మొదలయ్యాక ఇంకో చిక్కు వచ్చింది. రేవు పట్నం జనం రన్‌వే మీద సైకిళ్లు తొక్కుతున్నారు, చేపలు ఆరబెడుతున్నారు. విమానం వచ్చే వేళకి అక్కడ నిలబడి తప్పుకోమని చెప్పే మనిషి కావాలి. గట్టిగా, స్పష్టంగా, తిట్టకుండా చెప్పే మనిషి. మేనేజరు ఆలోచించినట్టు కాసేపు గడ్డం గోక్కున్నాడు. ఊరి గాజు గదిలోకి గొంతు బాగున్న కొత్త కుర్రదాన్ని తీసుకున్నారు. తూర్పు కొసన చేపలవాళ్ల షెడ్డు పక్కన ఒక మైకు, ఒక కుర్చీ, ఎండకి ఒక రేకు వేశారు. అనౌన్సరు తన సామాను రెండు సంచుల్లో సర్దుకుని జీపులో వెళ్లింది. అక్క ఇంట్లో వీధి వైపు గది ఖాళీగానే ఉంది.

"మీ అక్క నువ్వు అద్దెకి దిగావనుకుంటోంది" అన్నాడు బావ. "అద్దె అడిగితే ఇచ్చెయ్. అడ్వాన్సు కూడా అడగమని నేనే చెప్పాను."

"ఇస్తాను బావా. ముందు మీ కుళాయి బాగుచేయించండి."

అక్కకి ఆమె నచ్చింది. సాయంత్రాలు వరండాలో ఇద్దరూ కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్లు. అక్క తన గురించి చెప్పేది, ఎక్కువగా చెల్లెలి గురించి చెప్పేది. ఒక సాయంత్రం అంది,

"మా చెల్లెలికి నత్తి. మీకు తెలీదు కదూ."

అనౌన్సరు చేతిలో బట్ట మడత పెడుతూ ఆగింది. తనకి నత్తి ఉండేదని ఆమెకే గుర్తు లేదు.

"మాట మొదలుపెడితే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది పాపం. బళ్లో పిల్లలు వెక్కిరిస్తే ఒకరోజు నోట్లో గుడ్డ కుక్కుకుంది. నేను దాన్ని చెయ్యి పట్టుకుని బజారంతా తిప్పుతాను. కనిపించిన ప్రతి కొట్టు బోర్డూ చదివిస్తాను. తొందరేం లేదు, కొట్టు ఎక్కడికీ పోదు, నిదానంగా చదువు అంటాను. కొట్లవాళ్లకి మేమంటే తెలుసు. అది చదవడం పూర్తయ్యేదాకా ఒకాయన తలుపు కూడా మూయడు."

"చదువుతుందా?" అంది అనౌన్సరు.

"చదువుతుంది. నెమ్మదిగా." అక్క వీధిలోకి చూసింది. ఎదురుగా కొట్ల వరస, దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. "మీరు చదవండి చూద్దాం. ఎలా వినపడుతుందో."

అనౌన్సరు బట్ట పక్కన పెట్టింది. ఒక్కో బోర్డే చూస్తూ, ఒక్కో బోర్డుకీ ఆగుతూ చదివింది. తాళాలు బాగుచేయబడును. గొడుగులు, వానకోట్లు. కళ్లజోళ్లు, పరీక్ష ఉచితం. పాత పడవ ఇంజన్లు కొనబడును. తాజా రొట్టెలు.

అక్క కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ వింది. చివరి బోర్డు అయ్యాక కళ్లు తెరిచింది.

"ఒక్కచోట కూడా తడబడలేదు" అంది. "మా పిల్ల కూడా ఏదో ఒకరోజు ఇలా చదువుతుందంటావా?"

"చదువుతుంది" అంది అనౌన్సరు.

"అయితే ఇంకోసారి చదువు. వింటుందేమో, లోపల ఎక్కడో ఆడుకుంటోంది."

అనౌన్సరు మళ్లీ తాళాల కొట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టింది, తొందర లేకుండా.